వేసవిలో ఊటీకి క్యారవాన్ తీసుకెళ్లొచ్చా? మేమిద్దరం 11 రోజులు ఉండి వచ్చాం

ఇల్లూబండీ (బెంగళూరు, హొరమావు)

మే నెలలో మా ఆయనా నేనూ మా క్యారవాన్‌లో నీలగిరికి వెళ్లి 11 రోజులు ఉండి వచ్చాం. క్యారవాన్ అనగానే మనవాళ్లకు షూటింగుల దగ్గర హీరోలు కూర్చునే పెద్ద బస్సు గుర్తొస్తుంది. మాది అంత లేదు. టెంపో ట్రావెలర్‌నే ఇల్లులా మార్పించుకున్నాం. ఒక మంచం, ఒక పొయ్యి, చిన్న సింకు, వెనక మూలలో టాయిలెట్. ఆర్‌సీలో మోటార్ క్యారవాన్ అని రాయించాం, వైట్ బోర్డు. ఆయన రిటైరయ్యాక హంపి, లేపాక్షి, గండికోట తిరిగొచ్చాం. కొండ ఎక్కడం మాత్రం ఇదే మొదలు.

వెళ్లే ముందు తెలుగులో ఎంత వెతికినా కారు ప్రయాణాల కబుర్లే దొరికాయి. ఏడు మీటర్ల బండితో ఘాట్ ఎక్కేవాళ్లకు కావలసిన సంగతులు వేరు. అందుకే రాస్తున్నాను. అసలు మాట ముందే చెప్పేస్తాను: ఇంత బండిని ఊటీ ఊళ్లోకి తీసుకెళ్లకండి. కొండ మీదికి తీసుకెళ్లండి, ఊరికి దూరంగా పెట్టుకోండి, ఊళ్లోకి బస్సెక్కి వెళ్లండి. మాకు ఇది దెబ్బ తిన్నాకే తెలిసింది.

మొదట ఈ-పాస్. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరికీ కొడైకెనాల్‌కూ ఇది తప్పనిసరి అయింది. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000 బళ్లు, శని ఆదివారాల్లో 8,000 అని పరిమితి కూడా పెట్టారు. తమిళనాడు ప్రభుత్వ సైట్‌లో ఫోన్ నంబరు, బండి నంబరు, ఎన్ని రోజులు, ఎక్కడ దిగుతున్నారు అని అడుగుతుంది. ఆ చివరి గడి దగ్గర మేం తడబడ్డాం. బండిలోనే ఉంటాం అని రాస్తే ఏమంటారో అని, మొదటి రాత్రి బండి పెట్టుకుంటామని ఫోన్‌లో మాట్లాడుకున్న చోటి చిరునామా ఇచ్చాం.

దారి మైసూరు, గుండ్లుపేట, బందీపూర్, తెప్పకాడు, గూడలూరు, ఊటీ. బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు, 2009 నుంచీ ఉన్న పద్ధతి. ఒకే రోజులో చేరిపోదామనుకుంటే ఆ గేటు టెన్షన్ మైసూరు నుంచే మొదలవుతుంది. మేం మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి బయల్దేరి, గుండ్లుపేటలో ఒక హోటలు ఆవరణలో అడిగి బండి పెట్టుకుని పడుకున్నాం. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉన్నాం. రోడ్డు పక్కనే ఒక ఏనుగు, దాని కడుపు కింద పిల్ల. మా ఆయన వేగం తగ్గించారు గానీ ఆపలేదు. అడవిలో బండి ఆపకూడదు, దిగకూడదు. బండిలో పొయ్యి ఉంది కదా, చెట్ల కింద ఒక టీ పెట్టుకుందాం అని ఎవరికైనా అనిపిస్తే ఆ ఆలోచన అక్కడే మానేయండి.

తెప్పకాడులో కుడికి తిరిగి గూడలూరు వైపు వెళ్లాం. అక్కడి నుంచి నడువట్టం, పైకారా మీదుగా ఎక్కుడు. టీ తోటలు, తర్వాత నీలగిరి తైలం చెట్లు. అద్దం దించితే జలుబుకు అమ్మ రుమాలు మీద చల్లి ఇచ్చిన వాసనే గాలి నిండా ఉంది.

పదకొండున్నరకు ఊటీ చేరాం. ఆ రోజు శనివారం. మేం చేసిన పెద్ద తప్పు అదే. మిగతాది సాయంత్రం రాస్తాను.

హొసూరురోడ్డు_కుర్రాడు

అక్కా, మసినగుడి మీదుగా కల్హట్టి ఘాట్ దగ్గర దారి కదా? నేను బైక్ మీద రెండుసార్లు ఎక్కాను. గూడలూరు చుట్టు ఎందుకు తిరిగారు?

ఘాట్‌బండి (హిందూపురం, ప్రస్తుతం బెంగళూరు)

తమ్ముడూ, బైకుకు దగ్గర దారే. 36 హెయిర్‌పిన్ మలుపులున్న ఆ దారి ఇంటిని మోసే బండికి కాదు. అక్కడ బ్రేకులు ఫెయిలై ఎన్ని బళ్లు పడ్డాయో ఆ రూట్లో తిరిగే ఏ డ్రైవరునైనా అడుగు. బయటి ఊళ్ల బళ్లను ఊటీ నుంచి ఆ దారిన కిందికి దిగనివ్వరు కూడా.

అమ్మా, నేను పదిహేనేళ్లుగా టెంపో నడుపుతున్నాను. మీ వెనక వచ్చేవాళ్ల కోసం నాలుగు మాటలు రాస్తాను.

క్యారవాన్ ఎప్పుడూ ఫుల్ లోడ్ బండే. మామూలు టెంపోలో ప్యాసింజర్లు దిగితే బరువు తగ్గుతుంది. మీ అల్మారా, బ్యాటరీ, నీళ్ల ట్యాంకు దిగవు కదా. కాబట్టి దిగేటప్పుడు, ఆ ఏటవాలు ఎక్కడానికి ఏ గేరు కావాలో అదే గేరులో దిగండి. రెండో గేరులో ఎక్కారా, రెండో గేరులోనే దిగాలి. ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద కాలు ఊరికే ఆన్చి ఉంచే పని లేదు. అలా ఆన్చి ఉంచితే లైనర్లు కాలి పట్టు పోతుంది. పెడల్ తొక్కుతూనే ఉంటారు, బండి మాత్రం జారుతూనే ఉంటుంది. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేసేవాళ్లను చూశాను. ఇంజన్ ఆఫ్ చేసి దిగేవాళ్లనూ చూశాను. ఇంజన్ ఆగితే బ్రేకుకు దాని సాయం కూడా ఆగిపోతుందమ్మా.

కాలిన వాసన వస్తే వెడల్పైన చోట పక్కకు తీసి, చక్రాల కింద రాళ్లు వేసి, అరగంట ఊరుకోండి. వేడి మీద నీళ్లు మాత్రం పోయకండి, బ్రేకు డ్రమ్ము పగులుతుంది. ఎదురుగా ఎక్కే బండి కనిపిస్తే దిగే మనమే ఆగి దారి ఇవ్వాలి. రూలూ అదే, న్యాయమూ అదే. ఎక్కేవాడు ఆగితే మళ్లీ కదలడం కష్టం.

ఇల్లూబండీ

చాలా మంచి మాట చెప్పారు తమ్ముడూ. మాకు కాలిన వాసన వచ్చింది. తిరుగు ప్రయాణంలో, కోటగిరి నుంచి మేట్టుపాళయం దిగేటప్పుడు. మా ఆయన మూడో గేరులో దిగుతూ బ్రేకు ఎక్కువ వాడారు. ఎవరో రబ్బరు కాలుస్తున్నారేమో అనుకున్నాను. మలుపు దగ్గర టీ కొట్టు ముందు ఆపి చూస్తే ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాం. టీ కొట్టాయన మేం అడక్కుండానే రెండు రాళ్లు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆ తర్వాత కింద దాకా రెండో గేరే.

ఇక శనివారం సంగతి. ఊటీ నడిబొడ్డున ఉన్న చారింగ్ క్రాస్ కూడలి దగ్గరికి వచ్చేసరికి బళ్లు కదలడం లేదు. పార్కింగ్ అని బోర్డున్న మొదటి చోట పైన అడ్డంగా ఇనుప కమ్మీ, మా బండి పట్టదు. వెనక్కి తీద్దామంటే వెనక పది కార్లు. నేను దిగి ఒక్కొక్కరినీ బతిమాలి వెనక్కి జరిపించాను. పిల్లలు ఎండలో ఏడుస్తున్నారు, వాళ్ల నాన్నలు హారన్లు కొడుతున్నారు. ఆ పది కార్ల వాళ్లూ అలా నిలబడిపోయింది మా వల్లే. ఈ ఊళ్లోకి ఈ బండి తేకూడదని అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ముందే మాట్లాడుకున్న ప్రైవేటు స్థలం వాళ్లు డబ్బు తీసుకుని రాత్రికి ఉండమన్నారు. బండిలోనే పడుకుంటామని ఫోన్‌లోనే చెప్పాం, సరే అన్నారు. రాత్రి పది దాటాక ఇంకొకాయన వచ్చి తలుపు కొట్టి, బండిలో మనుషులు పడుకోకూడదు, వెంటనే తీసెయ్యండి అన్నాడు. డబ్బు తిరిగివ్వలేదు. బయట మంచు, పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. మా ఆయన చేతులు వణుకుతుంటే చూడలేకపోయాను. లవ్‌డేల్ దాటాక ఒక పెట్రోలు బంకు కనిపించింది. అక్కడి కుర్రాడు మా ముఖాలు చూసి, పక్కన పెట్టుకోండి, ఐదింటికి ట్యాంకర్ వస్తుంది, అప్పటికి తీసేస్తే చాలు అన్నాడు. ఆ అబ్బాయి చల్లగా ఉండాలి.

జయనగర్_నాలుగోబ్లాక్

మీరు పడ్డ కష్టానికి బాధగా ఉంది. అయినా ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆ కొండకు కార్ల బరువే ఎక్కువైందని కోర్టు పరిమితి పెట్టింది. అలాంటి చోటికి ఇల్లంత బండి తీసుకెళ్లడం సబబేనా? బస్సులో వెళ్లి చిన్న గదిలో ఉంటే సరిపోదా?

పెరంబూరు_రైలుపిచ్చి (చెన్నై)

జయనగర్ గారి ప్రశ్న నాదీ. మేమిద్దరం వచ్చే ఏప్రిల్‌లో క్యారవాన్ అద్దెకు తీసుకుని ఊటీ వెళ్లాలని అనుకుంటున్నాం. మాకు చెన్నై నుంచి 550 కిలోమీటర్ల దాకా ఉంటుంది, సేలం మీదుగా మేట్టుపాళయం. నాకు తోచిన ఉపాయం చెబుతాను, తప్పయితే దిద్దండి. బండిని మేట్టుపాళయంలోనే పెట్టేసి కొండ రైలు ఎక్కేస్తే?

ఆ రైలు గురించి చెప్పకుండా ఉండలేను. 46 కిలోమీటర్ల మీటర్ గేజి లైను. కూనూరు దాకా 1899లో వేశారు, ఊటీకి 1908లో చేరింది. కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్ల పట్టీ ఉంటుంది, ఇంజను కింద పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ప్రతి 12.28 అడుగులకు ఒక అడుగు ఎత్తు. మన దేశంలో ఇంత నిటారుగా ఎక్కే రైలుదారి ఇంకోటి లేదు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆవిరి ఇంజను వెనక నుంచి నెడుతుంది, ముందు పెట్టెలో కూర్చుంటే మన ముందు లోయ తప్ప ఇంకేమీ ఉండదు. మా నాన్నగారు నన్ను 1984లో ఎక్కించారు. ఆ పళ్ల చక్రం చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పొద్దున ఏడు దాటగానే మేట్టుపాళయంలో బయల్దేరితే మధ్యాహ్నానికి ఊటీ. సీజన్లో టికెట్లు మాత్రం తెరిచిన వెంటనే అయిపోతాయి.

కూనూరు_గడప (వెల్లింగ్టన్ దగ్గర)

ఇన్నాళ్లకు తెలుగులో మా కొండ గురించి మాట్లాడుతున్నారు, సంతోషం. మాది తెనాలి. మా వారి ఉద్యోగం వల్ల వెల్లింగ్టన్ వచ్చి 22 ఏళ్లయింది, ఇక్కడే ఉండిపోయాం.

ట్రాఫిక్ గురించి అందరూ మాట్లాడతారు. మాకు అంతకన్నా పెద్ద బాధ నీళ్లు. నీలగిరి అంటే ఎప్పుడూ తడిగా ఉంటుందనుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో మా వీధి కుళాయికి వారానికి ఒకసారి నీళ్లొచ్చిన ఏళ్లు ఉన్నాయి. డ్రమ్ములు నింపుకుని రోజుకు ఇన్ని బిందెలని లెక్క పెట్టుకుంటాం. సరిగ్గా అప్పుడే హోటళ్లు నిండుతాయి, ట్యాంకర్లు వాటి ముందు నిలబడతాయి. పోయిన ఏడాది ఒక పెద్ద వ్యాన్ వచ్చి మా వీధి చివరి కుళాయికి పైపు తగిలించి ట్యాంకు నింపుకుంది. ఎదురింటి పాటి (తమిళంలో బామ్మ), ఎనభై ఏళ్లావిడ, బిందె పట్టుకుని అలా చూస్తూ నిలబడిపోయింది. నేను వెళ్లి అడిగితే, పబ్లిక్ కుళాయే కదా మేడం అన్నారు.

క్యారవాన్ వాళ్లను రావద్దని నేననను. నీళ్లు కింద నింపుకుని రండి. మేట్టుపాళయంలోనో గుండ్లుపేటలోనో. ప్లాస్టిక్ సీసాలు చెక్‌పోస్టులో తీసేసుకుంటారు, కాబట్టి స్టీలు సీసాలు తెచ్చుకోండి. తాగే నీళ్లు పట్టుకోవడానికి దారిలో నీళ్ల ఏటీఎంలు ఉన్నాయి.

పెరంబూరు గారూ, మీ రైలు మా ఇంటి వెనక నుంచే వెళ్తుంది. కేత్తి స్టేషన్ దగ్గర లోయ వైపు కిటికీ పక్కన కూర్చోండి.

ఇల్లూబండీ

కూనూరు అమ్మా, మీ మాట చదివి మా ఆయనకు పైకి చదివి వినిపించాను. ఆ పాటి నా కళ్ల ముందే ఉంది.

మా లెక్క చెబుతాను, జయనగర్ గారికీ ఇదే జవాబు. మా ట్యాంకు 80 లీటర్లు, గుండ్లుపేటలో నింపాం. ట్యాంకు పక్కన పారదర్శకమైన గొట్టం ఉంటుంది, దాని మీద మార్కర్‌తో పది లీటర్లకో గీత గీశాను. రోజూ రాత్రి పడుకునే ముందు టార్చ్ వేసి చూస్తాను. మొదటి రోజు ఇద్దరికీ 31 లీటర్లయ్యాయి. ఇంటి అలవాటున కుళాయి తిప్పి వదిలేస్తున్నాం. నాలుగో రోజుకు 14కి దింపాను. కంచాలు ముందు పాత పేపరుతో తుడిచి, తర్వాత ఒక చెంబు నీళ్లతో కడిగాను. బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెలకు మొదటి కడుగు. స్నానం ఒక బకెట్టు, అదీ రోజు విడిచి రోజు. ఊటీ చలిలో అది తపస్సేమీ కాదు. హోటల్ గదిలో గీజరు కింద నిలబడితే ఒక్కరికే అంతకు నాలుగు రెట్లు పోతాయి. ట్యాంకు అయిపోయాక కొనుక్కున్నాం, దాని సంగతి కింద రాస్తాను.

వాడిన నీళ్లు పట్టే ట్యాంకు వేరే ఉంది. టాయిలెట్‌ది బయటికి లాగే పెట్టె. రెండూ దారిలో ఎక్కడా వదల్లేదు. మాకు చోటిచ్చినవాళ్ల సెప్టిక్ ట్యాంకులో, వాళ్లను అడిగి, మా ఆయనే మోసుకెళ్లి పోశారు. ఇది చేయలేనివాళ్లు క్యారవాన్‌తో కొండ ఎక్కకూడదని నా గట్టి అభిప్రాయం. బస్సులో వెళ్లి చిన్న గదిలో ఉండటం తప్పు కాదు జయనగర్ గారూ. నా మోకాళ్లకు రోజుకో గది, రోజుకో మెట్లు కుదరవు. నా మంచం నాతో వస్తేనే నేను ఊరు దాటగలను. అందుకే ఈ బండి.

ఆ చోటు ఎలా దొరికిందంటే, బంకు దగ్గర తెల్లవారాక కూనూరు మీదుగా కోటగిరి వెళ్లిపోయాం. ఊరు ఇంకో ఐదు కిలోమీటర్లుందనగా టీ చెట్ల మధ్య ఒక ఇల్లు, ముందు చదునైన చోటు. తెల్ల గుడ్డ చుట్టుకున్న ఒక పెద్దావిడ క్యారెట్లు కడుగుతోంది. నీలగిరిలో తరాలుగా ఉంటున్న బడుగ వాళ్లు. మాకు బడుగ భాష రాదు, నాకొచ్చిన కన్నడంలో అడిగాను, సగం అర్థమైంది. వాళ్లబ్బాయి వచ్చి రోజుకు 600 అన్నాడు. నీళ్లు కావాలంటే వాళ్ల బావి నుంచి కొలిచి, డబ్బు వేరే. నాకు అది చాలా నచ్చింది. నీళ్లకు లెక్కుంటే మనకూ భయముంటుంది.

అక్కడ ఏడు రాత్రులు ఉన్నాం. పొద్దున బస్సెక్కి ఊటీ, సాయంత్రం బస్సులో వెనక్కి. పూల ప్రదర్శన కూడా అలాగే చూశాం. బొటానికల్ గార్డెన్ 1848లో మొదలుపెట్టిన తోట, 55 ఎకరాలు. జనం పూల దగ్గరే ఆగిపోయారు. మేం పైకి నడిచి, రాయిగా మారిన చెట్టు మొద్దు దగ్గర కూర్చున్నాం. రెండు కోట్ల ఏళ్ల నాటిదట. ఒకరోజు కోడనాడు వెళ్లి మోయార్ లోయ చూశాం. దొడ్డబెట్ట శిఖరం జనాన్ని చూసి మానుకున్నాం, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

వంట సంగతి అడుగుతారేమో. కొత్తావకాయ సీసా తీసుకెళ్లాం. కొండ ఎక్కాక చూస్తే మూత అంచు నుంచి నూనె ఊరి అల్మారా అరంతా ఎర్రగా అయింది. పైన గాలి ఒత్తిడి తక్కువ, సీసాలో గాలి ఉబ్బి నూనెను తోసింది. మూత ఒకసారి వదులు చేసి బిగిస్తే సరిపోయేది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు, నీళ్లు 93 డిగ్రీలకు అటూఇటూ మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు గంటసేపు పెట్టినా పలుకు విరగలేదు. కుక్కర్ తప్పనిసరి, ఇంట్లో కన్నా రెండు విజిల్స్ ఎక్కువ. వాళ్లిచ్చిన క్యారెట్లు వేసి పప్పు చేసి ఆ పెద్దావిడకు గిన్నెతో ఇచ్చాను, పైన కొంచెం ఆవకాయ వేసి. మర్నాడు గిన్నె నిండా కొండ వెల్లుల్లి పెట్టి పంపింది.

జయనగర్_నాలుగోబ్లాక్

మోకాళ్ల సంగతి నాకు తట్టలేదమ్మా, క్షమించండి. మీ 14 లీటర్ల లెక్క మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతాను. మాకూ వేసవిలో ట్యాంకర్లే.

హొసూరురోడ్డు_కుర్రాడు

అక్కా, కరెంటు?

ఇల్లూబండీ

100 ఏహెచ్ లిథియం బ్యాటరీ, పైన సోలార్. మధ్యాహ్నం మబ్బు పడితే సోలార్ మీద ఆశ పెట్టుకోకూడదు. లైట్లు, ఫోన్లు, చిన్న ఫ్యాను. ఫ్యాను వాడనే లేదు. వంట గ్యాస్ మీదే, పడుకునే ముందు సిలిండర్ కట్టేసి కిటికీ ఒక వేలు వెడల్పు తెరిచి ఉంచుతాం.

మారతహళ్లి_ముగ్గురం

మా పాపకు ఐదేళ్లు. స్కూలు తెరిచేలోపు జూన్ మొదటి వారంలో వెళ్దామంటే ఓకేనా? జనం తగ్గుతారు కదా.

కూనూరు_గడప

జనం తగ్గుతారు, వాన మొదలవుతుంది. నైరుతి రుతుపవనాలు మొదట గూడలూరు వైపే కొడతాయి, మీరు బెంగళూరు నుంచి వచ్చేదీ అటే. 2019 ఆగస్టులో ఇదే నీలగిరిలోని అవలాంచిలో ఒక్క రోజులో 82 సెంటీమీటర్లు కురిసింది. జూన్ మొదట్లో అంత ఉండదు గానీ మట్టి జారే చోట్ల పెద్ద బండి రాత్రిపూట నిలపకండి. మార్చి నెలలో రండి. చలి తగ్గి ఉంటుంది, పిల్ల పరుగెత్తడానికి చోటుంటుంది.

ఘాట్‌బండి

పెరంబూరు సార్, మీరు అద్దె బండి అంటున్నారు కాబట్టి ఇంకోటి. పసుపు బోర్డు అయితే పర్మిట్ కాగితాలు చూపించమని అడిగి మరీ తీసుకోండి. స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. చక్రాల కింద వేయడానికి రెండు చెక్క దుంగలు బండిలోనే పెట్టుకోండి. మలుపులో మీ బండి తోక బయటికి తిరుగుతుంది, పక్కన బైకు ఉందేమో అద్దంలో చూశాకే తిప్పండి. సీజన్లో సాధారణంగా కూనూరు మీదుగా ఎక్కించి కోటగిరి మీదుగా దింపుతారు, ఆ రోజు పోలీసులు ఏం చెబితే అదే.

పెరంబూరు_రైలుపిచ్చి

రాసుకున్నాను అన్నా. మా ఆవిడతో మాట్లాడాను. బండి మేట్టుపాళయంలో వదిలేద్దామన్న నా మాట ఆమె ఒప్పుకోలేదు. కోటగిరి దాకా బండితోనే వెళ్దాం, రైలు కోసం ఒక రోజు విడిగా కిందికి దిగుదాం అంటోంది. నీళ్లు మేట్టుపాళయంలో నింపుతాం. ఇల్లూబండీ అక్కా, ఆ బడుగ పెద్దావిడ ఇంటికి ముందే ఫోన్ చేసి అడగొచ్చా?

ఇల్లూబండీ

వాళ్ల నంబరు ఇలా అందరి ముందూ పెట్టను. రేపు వాళ్లబ్బాయిని అడిగి, సరేనంటే మీకు విడిగా పంపుతాను. మీరు వెళ్లేటప్పుడు మా దగ్గరున్న గిన్నె ఒకటి తీసుకెళ్లి వాళ్లకివ్వాలి. వెల్లుల్లి ఇచ్చిన గిన్నె వాళ్లది, మాతోనే వచ్చేసింది.